బల్కర్ ఎక్కుతున్న కొత్త డ్రైవర్‌కి

తమ్ముడూ, మామూలు లారీ పదేళ్లు తోలినా బల్కర్ మీద, అంటే సిమెంటు, బూడిద లాంటి పొడి తోలే ట్యాంకరు లారీ మీద, మొదటి నెల కొత్తగానే ఉంటుంది. తోలడం నీకు వచ్చు, నేర్చుకోవాల్సింది దించడం. తొమ్మిదేళ్లుగా నేను ఇబ్రహీంపట్నం థర్మల్ నుంచి జగ్గయ్యపేట వైపు సిమెంటు ఫ్యాక్టరీలకు బూడిద, అటునుంచి హైదరాబాద్ రెడీమిక్స్ కాంక్రీటు ప్లాంట్లకు లూజు సిమెంటు తోలుతున్నాను. ట్యాంకులో ఉండేది పొడే, కానీ దాన్ని తోసేది గాలి. మనిషిని కొట్టేది ఆ గాలే.

చేరేముందు ఓనరుతో రెండు సంగతులు తేల్చుకో. ప్లాంటు గేటు ముందు రోజంతా క్యూలో ఉంటే బత్తా ఇస్తారా? దించేటప్పుడు ట్యాంకులోకి గాలి కొట్టే కంప్రెసర్ తాగే డీజిలు ఎవరి లెక్కలో రాస్తారు? గంటసేపు బండి కదలకుండానే ఇంజను తిరుగుతుంది. అది విడిగా రాయకపోతే మైలేజీ రాలేదని నెలాఖరుకి నీ జీతంలో కోస్తారు.

లోడింగుకి ముందు పైకెక్కి మూతల కింద రబ్బరు వాషర్లు చేత్తో తడిమి చూడు. పగిలి ఉంటే ప్రెషర్ నిలవదు, వానొస్తే నీళ్లు దిగి సిమెంటు గడ్డ కడుతుంది. బూడిద కంటే సిమెంటు బరువు. బూడిద నింపినంత మట్టానికి సిమెంటు నింపితే ఓవర్‌లోడే. కాటా చీటీని ఆర్సీతో సరిచూసుకున్నాకే గేటు దాటు. 2019 మోటారు వాహనాల చట్ట సవరణ తర్వాత ఓవర్‌లోడు జరిమానా 20,000 రూపాయలు, ఎక్కువైన ప్రతి టన్నుకీ ఇంకో 2,000. సరుకుతో పాటు ఉండాల్సిన జీఎస్టీ కాగితం, ఈ-వే బిల్లు, 200 కిలోమీటర్లకి ఒక రోజు చెల్లుతుంది. గడువు ముగియడానికి 8 గంటల ముందు నుంచి, ముగిశాక 8 గంటల దాకా పొడిగించుకోవచ్చు. క్యూలో ఇరుక్కుంటే ఆఫీసుకి ముందే ఫోన్ చెయ్యి.

ఇక దించడం. చదునైన చోట ఆపి చక్రాలకి అడ్డు పెట్టు. ఏ సైలో (పొడి నిల్వ చేసే ఎత్తైన ట్యాంకు), అందులో ఎంత ఖాళీ ఉంది, ఈ పైపు ఆ సైలోకే వెళ్తుందా అని ప్లాంటు మనిషిని అడుగు, అతను వచ్చి చేత్తో చూపించేదాకా పైపు తగిలించకు. సిమెంటు సైలోలో బూడిద పోశామంటే ఆ కాంక్రీటుతో కట్టే ఇల్లు పాడవుతుంది.

పైపు బిగించాక ముందు ఒట్టి గాలి వదిలి దారి శుభ్రంగా ఉందో చూడు. తర్వాత ట్యాంకులో ప్రెషర్ ఎక్కించు. ట్యాంకు ప్లేటు మీద రాసిన అంకెను ఎప్పుడూ దాటనివ్వకు. కింది వాల్వు కొంచెం కొంచెంగా తెరువు. పొడి వెళ్తున్నంతసేపు పైపు బరువుగా, ఒకే తీరున దడదడలాడుతుంది. చెయ్యి పెడితే తెలుస్తుంది. ప్రెషర్ చూపే గేజు పెరుగుతూ పైపు చప్పబడితే జామైనట్టే. వాల్వు మూసి గాలి మాత్రమే పంపు. ఇనుప రాడ్డుతో ట్యాంకుని కొట్టొద్దు, సొట్ట పడ్డచోట రేపు ఇంకా ఎక్కువ పేరుకుంటుంది. చివర్లో పైపు తేలికై ఎగిరినట్టు కొట్టుకుంటుంది. అప్పుడు గాలి తగ్గించు. లేకపోతే ఆ గాలంతా ఒక్కసారి సైలోలోకి పోయి పైన ఫిల్టరు నుంచి దుమ్ము లేస్తుంది.

నా రెండో ఏడు ఒక ప్లాంటులో గేజు సున్నా చూపించింది. మూత మీది రెక్క నట్లు రెండు వదులు చేశాను. మూడోది తిప్పుతుండగా సన్నగా ‘స్‌స్‌’ మని చప్పుడు. ముల్లు ఇరుక్కుపోయింది, లోపల గాలి ఇంకా ఉంది! నట్టు వదిలేసి వెనక్కి జరిగాను, మొహం నిండా సిమెంటు. ఆ నట్టు కూడా పూర్తిగా తీసేసి ఉంటే మూత నా తలకే తగిలేది. అప్పటినుంచి గాలి వదిలే వాల్వు తెరిచి, చప్పుడు పూర్తిగా ఆగాక, గేజుని వేలితో రెండుసార్లు తట్టి చూస్తాను. ఆ వాల్వుని అలాగే తెరిచి ఉంచి, అప్పుడే నట్ల మీద చెయ్యి వేస్తాను. పైపు విప్పేటప్పుడూ ఇంతే.

మొహానికి తువ్వాలు చుట్టుకుంటే చాలదు, ఎన్95 మాస్కు, కళ్లద్దాలు, ఫుల్‌చేతుల చొక్కా కావాలి. సిమెంటు చెమటకి తడిస్తే చర్మం కాలుతుంది. కంట్లో పడితే నలపకుండా కనీసం 15 నిమిషాలు మంచినీళ్లతో కడిగి ఆసుపత్రికి వెళ్లు. ఐదు లీటర్ల క్యాను ఒకటి క్యాబిన్‌లో దానికోసమే ఉంచుకో. గడ్డ కట్టిందని ఎవరు చెప్పినా ట్యాంకులోకి మాత్రం దిగొద్దు.

బయల్దేరేముందు చలానా మీద సంతకంతో పాటు వచ్చిన టైము, దించిన టైము కూడా రాయించుకుని ఫోటో తీసుకో. బత్తా అడిగేటప్పుడు అదే చూపించాలి.