కుండీ మొక్కకి పేనుబంక పడితే

ఇంట్లో పెంచే మొక్కకి పేనుబంక పట్టిందనగానే మా విశాఖ ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్లో అందరూ అడిగేది ఒకటే: "ఏ మందు కొట్టాలక్కా?" మందు సంగతి తర్వాత. ముందు ఆకు తిప్పి చూడండి. లేత చిగురు కింద, మొగ్గ మొదట్లో పచ్చగానో నల్లగానో ఆవగింజంత పురుగులు గుంపుగా అంటుకుని ఉంటాయి. పక్కన తెల్లటి పొట్టులా కనిపించేది పిండినల్లి అనే ఇంకో పురుగు కాదు, అవి విడిచిన కుబుసం. ఆకు జిగటగా ఉండి, కాండం మీద చీమలు బారు కట్టాయంటే ఇక అనుమానం అక్కర్లేదు.

బయటైతే అక్షింతల పురుగులు వీటిని తినేస్తాయి. హాల్లోకి అవి రావు. పైగా ఆడపురుగు మగదానితో పనిలేకుండానే పిల్లల్ని పెడుతుంది, ఆ పిల్లలు వారం పది రోజుల్లో మళ్లీ పిల్లల్ని పెడతాయి. ఒక్కసారి కొట్టి ఊరుకుంటే లాభం లేదనేది అందుకే.

కుండీని బాత్రూంలోకి తీసుకెళ్లి, మట్టి మీద కవరు కట్టి, మొక్కని పక్కకి వంచి ఆకుల అడుగున నీళ్లు జోరుగా కొట్టండి. చాలా వరకు అక్కడే రాలిపోతాయి. బాగా ముసిరిన చిగుళ్లని మొహమాటపడకుండా తుంచేయండి.

ఇక మందు సంగతి. నాలుగైదు కుంకుడుకాయలు గింజ తీసి రాత్రి గ్లాసు నీళ్లలో నానబెట్టి, పొద్దున్న పిసికి, గుడ్డలో వడకట్టి లీటరు నీళ్లలో కలపండి. ఈ నురుగు, పురుగు ఒంటికి తగిలితేనే పనిచేస్తుంది, ఆరిపోయాక దాని ప్రభావం ఉండదు. పైపైన చిలకరించొద్దు, ఆకు అడుగు తడిసి కారాలి. బట్టల సర్ఫు మాత్రం వద్దు, ఆకు మాడుతుంది.

అప్పటికీ తగ్గకపోతే వేపనూనె. లీటరు గోరువెచ్చటి నీళ్లకి 5 మిల్లీలీటర్లు. ముందు నూనెలో కాస్త కుంకుడు రసం వేసి తెల్లబడేదాకా గిలక్కొట్టి, అప్పుడు నీళ్లు పోయాలి. కలిపింది ఆ పూటే వాడేయాలి. వేపలో ఉండే అజాడిరాక్టిన్ పురుగు చేత తిండి మానిపిస్తుంది, కుబుసం విడవనివ్వదు. కాబట్టి మర్నాటికే ఫలితం కనపడలేదని మోతాదు పెంచొద్దు. మొదట ఒక్క ఆకు మీద కొట్టి రోజంతా చూడండి, ఫెర్న్ లాంటి పల్చటి ఆకులు తట్టుకోలేవు. వెల్లుల్లి, పచ్చిమిర్చి కషాయం చాలామంది చెబుతారు గానీ, మూసిన ఫ్లాటులో ఆ ఘాటుకి పిల్లలు దగ్గుతారు. ఇంట్లో అది వద్దంటాను.

మన విశాఖ గాలిలో తేమకి ఆకు బేగి ఆరదు. మందు కొట్టి తలుపులు మూసేస్తే బూజు పడుతుంది. ఎండ వాలాక బాల్కనీలో కొట్టి, ఫ్యాను కింద ఆరనివ్వండి. నూనె తడి మీద ఎండ తగిలితే ఆకు కాలిపోతుంది. కుంకుడు నీళ్లయితే నాలుగైదు రోజులకోసారి, వేపనూనైతే వారానికోసారి, చిగురు శుభ్రంగా కనిపించినా ఇంకోసారి. నత్రజని ఎరువు కొన్నాళ్లు ఆపండి. అది వేస్తే వచ్చే మెత్తటి చిగురంటే వీటికి ప్రాణం. నర్సరీ నుంచి తెచ్చిన మొక్క ఎంత నిగనిగలాడినా రెండు వారాలు విడిగా ఉంచండి.

చీమల్నీ ఆపాలి. తీపి జిగురు కోసం అవే పేనుబంకకి కాపలా కాస్తాయి. నీళ్ల పళ్లెంలో ఇటుకముక్క పెట్టి, దాని మీద కుండీ ఉంచండి, ఆకులు గోడకి తగలకూడదు. ఆ నీళ్లు రెండు రోజులకోసారి పారబోయండి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి.