చీరకు కత్తెర పెట్టే ముందు: కంప్యూటర్‌లో అతుకుల బొంత గీసుకునే పద్ధతి

పాత నూలు చీరలతో అతుకుల బొంత కుట్టదలచినవారు కత్తెర పట్టక ముందే దాన్ని కంప్యూటర్‌లో గీసి చూసుకోవడం మంచిది. బొంతల కోసమే తయారైన ఎలక్ట్రిక్ క్విల్ట్ వంటి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి గాని, చదరాల బొంతకు బొమ్మలు గీసుకోవడానికి ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్ అనే సాఫ్ట్‌వేర్ చాలు.

డాక్యుమెంట్ ప్రాపర్టీస్‌లో కొలతలను అంగుళాలకు మార్చి, పేజీని 60 అంగుళాల వెడల్పు, 84 అంగుళాల పొడవు చేసి, 4 అంగుళాలకొక గీత వచ్చేలా గ్రిడ్ వేసి, గీసినవి ఆ గీతలకు సరిగ్గా అతుక్కునేలా స్నాప్ ఆన్ చేయాలి. పై ఎడమ మూలన వరుసకు మూడు చొప్పున తొమ్మిది చదరాలు గీస్తే 12 అంగుళాల బ్లాకు అవుతుంది. మూలలకూ నడిమి చదరానికీ ముదురు రంగు, మిగిలిన నాలుగింటికీ లేత రంగు నింపాలి. చదరాలకు అంచు గీత ఉంచకూడదు. ఉంచితే దాని మందం కూడా కొలతలో కలిసి బ్లాకుల మధ్య సందులు వస్తాయి. అన్నింటినీ గ్రూపు చేసి, ఎడిట్ మెనూలోని క్లోన్ కింద క్రియేట్ టైల్డ్ క్లోన్స్ తెరిచి 7 అడ్డ వరుసలు, 5 నిలువు వరుసలు ఇస్తే, 35 బ్లాకులు పేజీ నిండా పరుచుకుంటాయి. ఏ నకలునైనా ఎంచుకుని షిఫ్ట్, డి కలిపి నొక్కితే అసలు బ్లాకు దొరుకుతుంది. అందులో రంగు మారిస్తే అన్నింటా మారుతుంది.

రంగులు ఊహించి నింపకుండా, పగటి వెలుతురులో తీసిన చీర ఫోటోను తెచ్చి తెరపైని రంగును పట్టే డ్రాపర్ పరికరంతో తీసుకోవాలి. తర్వాత వ్యూ మెనూలో గ్రేస్కేల్ పెట్టి చూడాలి. కంటికి ఎంతో వేరుగా కనిపించే ఎరుపు, ముదురాకుపచ్చ అక్కడ ఒకే బూడిద రంగులో కలిసిపోవచ్చు. అలాంటి జత దూరం నుంచి చూస్తే తేలదు.

తెరపై ఉన్నది కుట్టిన తర్వాతి కొలత. నాలుగు వైపులా పావు అంగుళం కుట్టుకు కలిపి ప్రతి ముక్కనూ నాలుగున్నర అంగుళాలకు కత్తిరించాలి. నేను మొదటిసారి సరిగ్గా నాలుగుకే కత్తిరించాను, బొంత 52.5 అంగుళాల వెడల్పు, 73.5 అంగుళాల పొడవుకు కుదించుకుపోయి, మంచం అంచులు బయటే మిగిలాయి.

ముదురు ముక్కలు 175, లేతవి 140 కావాలి. అంచులు తీసేశాక చీర వెడల్పు 36 అంగుళాలు మిగిలితే వరుసకు 8 ముక్కలు వస్తాయి కాబట్టి, ముదురు చీరలో 99 అంగుళాలు, లేత చీరలో 81 అంగుళాలు సరిపోతాయి. అయిదున్నర మీటర్ల చీరలో ఇది సగం కూడా కాదు గనుక, వెలుతురుకు పట్టి చూసి, కుచ్చిళ్ల దగ్గర నలిగి పలచబడిన భాగాన్ని నిశ్చింతగా వదిలేయవచ్చు.