కారు పెయింట్ పెచ్చు ఊడితే ఇంట్లోనే సరిచేసిన పద్ధతి

ముందు పెయింట్ దెబ్బతిన్న చోట అడ్డంగా గోటితో రాసి చూడండి. గోరు ఎక్కడా ఆగకపోతే దెబ్బ క్లియర్ కోట్ (రంగు మీద ఉండే పారదర్శక పొర) పైపైనే ఉన్నట్టు. రబ్బింగ్ కాంపౌండ్ (సన్నగా అరగదీసి మెరుగుపెట్టే పేస్ట్), మైక్రోఫైబర్ గుడ్డ చాలు. గోరు తట్టుకుంటే టచప్ పెయింట్ తప్పదు. రంగు కంటి అంచనాతో కొనకండి, చాలా కార్లలో డ్రైవర్ తలుపు పక్క పిల్లర్ మీదో బానెట్ కిందో స్టిక్కర్‌పై కలర్ కోడ్ ఉంటుంది.

షాంపూతో కడిగి, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. వాక్స్ జిడ్డు మిగిలితే పెయింట్ పట్టదు. పెచ్చు ఊడిన గుంట మధ్యలో ఆవగింజంత గోధుమరంగు చుక్క కనిపించింది. తుప్పు! అగ్గిపుల్ల కొనకు 400 నంబర్ వాటర్ పేపర్ (తడిపి కూడా వాడగల గరుకు కాగితం) ముక్క అంటించి, ఇనుము తళుక్కుమనేదాకా గీకాను. ఇక్కడ బద్ధకిస్తే తుప్పు అడుగునే పాకి కొత్త రంగును బుడగలా లేపేస్తుంది. ఇనుము బయటపడింది కాబట్టి ముందు పలచగా ప్రైమర్ (రంగు పట్టేందుకు వేసే అడుగు పూత).

టచప్ పెయింట్ సీసాలోని బ్రష్ ఇంత చిన్న గుంటకు మరీ లావు. టూత్‌పిక్‌తో మధ్యలో చిన్న బొట్టు పెడితే అదే అంచులదాకా పాకుతుంది. మెటాలిక్ రంగైతే సీసా బాగా కుదపాలి, మెరుపు పొడి అడుగున పేరుకుంటుంది. ఒకేసారి నింపితే పైన తెట్టు కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది, తర్వాత కుంగుతుంది. అరగంట ఎడంతో మూడు పూతలు, పైన క్లియర్ కోట్ వెంట్రుకవాసి ఎత్తుగా. ఇదంతా నీడలోనే.

వారం ఆగి 2000, తర్వాత 3000 నంబర్ పేపర్‌ను సబ్బునీళ్లలో తడిపి ఆ ఉబ్బు మీద మాత్రమే రుద్ది, కాంపౌండ్‌తో మెరుగు పెట్టాను. వాక్స్ నెల తర్వాతే.