క్రిస్టియన్ స్కూల్లో పిల్లలకు శ్రద్ధ, నిజాయితీ అలవాటు చేయడం ఎలా?

చిత్తూరు, తిరుపతి వైపు ఏ మిషన్ స్కూలుకి వెళ్లినా గోడ మీద రంగురంగుల్లో బైబిల్ వాక్యం రాసి ఉంటుంది, సరిగ్గా దాని కింద కూర్చుని ఒకడు పక్కవాడి హోంవర్క్ ఎక్కించుకుంటుంటాడు. వాక్యం గోడకెక్కితే గుణం దానంతటదే వస్తుందనుకునే టీచర్లకు చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇది రాస్తున్నా.

కావాల్సినవి: తలా ఒక చిన్న నోట్‌బుక్, ఎర్ర పెన్ను, క్లాసుకో డ్యూటీ చార్టు. స్టార్ స్టిక్కర్లు, చాక్లెట్లు అస్సలు వద్దు.

ముందు పనులు పంచండి. బోర్డు తుడవడం, నీళ్ల క్యాన్ చూసుకోవడం, ఫ్యాన్లు ఆపడం. ఒక పని నెలంతా ఒకరిదే. రోజుకొకరికి మారిస్తే అది ఎవరి పనీ కాదు. ఊడవడం ఆడపిల్లలకే రాసి ఉంటే ఆ చార్టు చించి మళ్లీ రాయండి.

తర్వాత అసెంబ్లీ. రోజుకో వాక్యం కంఠస్థం చేయించకండి, నెలకొకటి చాలు. నేనైతే సామెతల గ్రంథం 6వ అధ్యాయంలోని చీమతోనే మొదలుపెడతాను. అందరూ చీమ కష్టపడుతుందని చెప్పి ఊరుకుంటారు గానీ, అక్కడున్న అసలు మాట వేరే: దాని మీద అధికారి ఎవరూ లేకపోయినా అది ఎండాకాలంలో తిండి సమకూర్చుకుంటుంది. లీడర్‌ని నిలబెట్టి మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయించే పద్ధతి నాకు నచ్చనిది అందుకే. దానివల్ల పిల్లలు నేర్చుకునేది లీడర్‌తో స్నేహం చేయడం ఒక్కటే.

ఇక అసలు కష్టం ఇక్కడ. వారానికో స్లిప్ టెస్టు పెట్టి, జవాబులు బోర్డు మీద రాసి, ఎవరి పేపర్ వాళ్లే దిద్దుకోమనండి. దిద్దేటప్పుడు బల్లల మధ్య తిరగకండి. పేపర్లు తీసుకున్నాక ఇంటి దగ్గర మళ్లీ చూడండి, జవాబులు మార్చినవాళ్లు తప్పకుండా ఉంటారు. చాలామంది టీచర్లు చెడగొట్టేది ఈ ఘట్టంలోనే. మరుసటి రోజు అసెంబ్లీలో ఆ పిల్లాణ్ణి నిలబెడతారు, లేదా నేరుగా వాళ్ల నాన్నకి ఫోన్ చేస్తారు, లేదా "యేసయ్య చూస్తున్నాడు" అని భయపెడతారు. మూడూ తప్పే. ఇంకోసారి వాడు దొరక్కుండా మార్చడం నేర్చుకుంటాడు, అంతే.

వాణ్ణి ఒక్కణ్ణే పిలవండి, స్టాఫ్ రూముకి కాదు, వరండాలోకి. పేపర్ వాడి చేతికిచ్చి "మళ్లీ ఒకసారి దిద్దుకుని ఇవ్వు" అనండి, ఇంకేమీ అనకండి. వాడు తగ్గించి తెస్తే ఆ మార్కులే వేసుకోండి, శిక్ష వద్దు, పొగడ్త అసలే వద్దు, ఎందుకంటే నిజం చెప్పినందుకు మెచ్చుకోలు దొరుకుతుందని తెలిస్తే రేపు మెచ్చుకోలు కోసమే చెబుతాడు. మార్చకుండా అలాగే తెస్తే అప్పుడు ఇద్దరూ కూర్చుని ఒక్కో జవాబూ చూడండి. స్లిప్ టెస్టు మార్కులు ప్రోగ్రెస్ కార్డులో మాత్రం వేయకండి, వేశారో ఇంట్లో దెబ్బలకు భయపడి ఎంత మంచి పిల్లాడైనా జవాబులు మార్చేస్తాడు.

ఇంకోటి. మన క్లాసుల్లో హిందూ, ముస్లిం పిల్లలు చాలామందే ఉంటారు, తిరుమలలో గుండు చేయించుకుని సోమవారం బడికి వచ్చేవాళ్లతో సహా. ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్కూల్లో తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లల్ని మతబోధకు, ప్రార్థనకు రమ్మని బలవంతపెట్టకూడదని రాజ్యాంగం 28(3) అధికరణంలోనే ఉంది. స్లిప్ టెస్టుకి ఆ సమ్మతి అక్కర్లేదు కదా, కాబట్టి దాన్ని ప్రార్థనతో ముడిపెట్టకండి.

ఇదంతా జూన్‌లో బడి తెరవగానే మొదలుపెట్టకండి, అప్పటికి సగంమంది పుస్తకాలే కొనుక్కుని ఉండరు. జులై మొదటి వారం సరైన సమయం, అదీ లెక్కల టెస్టుతో, జవాబు తప్పో ఒప్పో వాదన ఉండదు.