ఎండలో కోడిపెట్టను పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లడం

జబ్బుకోడి దారిలోనే పోతే జబ్బు ముదిరి పోయిందనుకుంటాం. కానీ కాళ్లు కట్టి బైకు హ్యాండిలుకు వేలాడదీసి, మిట్టమధ్యాహ్నం గంటసేపు తిప్పితే ఏ జబ్బూ లేని కోడి కూడా సొమ్మసిల్లుతుంది. దాని ఒంటి తీరు తెలిస్తే ఎందుకో అర్థమవుతుంది. మనకు ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే, ఊపిరి లాగే కండరపు పొర కోడికి లేదు. రొమ్ము ఎముక కిందికీ పైకీ కదిలితేనే గాలి లోపలికి పోతుంది, బయటికి వస్తుంది. రొమ్ము మీద చెయ్యి బిగించి పట్టుకుంటే ఆ కదలిక ఆగిపోయి, చూస్తుండగానే ఊపిరాడక పోతుంది. దానికి చెమట కూడా పట్టదు. మామూలుగానే ఒంటి వేడి 41 డిగ్రీలు దాటి ఉంటుంది. ఆ వేడిని నోరు తెరిచి రొప్పి, రెక్కలు ఎడంగా పెట్టి దించుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, అనంతపురం, కడపల్లో గాలే 40 దాటుతుంది కాబట్టి రెక్కలు ఎడంగా పెట్టినా లాభం తక్కువ. ఇక మిగిలేది రొప్పడమే. మూతబిగిసిన పెట్టెలో అదీ కుదరదు. అందుకే గాలి ఆడేలా, వేడి తగలకుండా చూసుకోవడమే ఈ ప్రయాణంలో అసలు పని. కింద చెప్పేవన్నీ అందుకోసమే.

బయలుదేరకూడని సందర్భం

ఒకటి రెండు రోజుల్లో మీ కోళ్లలో నాలుగైదు హఠాత్తుగా చచ్చిపోతే, తల వాచి తురాయి నీలంగా మారితే, బతికున్న కోడిని గానీ చచ్చినదాన్ని గానీ ఎక్కడికీ తీసుకెళ్లకండి. అది కొక్కెర తెగులు కావచ్చు, బర్డ్ ఫ్లూ కావచ్చు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలతో పాటు కర్నూలు నగరంలో కూడా బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది. అలాంటప్పుడు జబ్బు బయటపడిన చోటు నుంచి కిలోమీటరు దాకా కోళ్లను కదిలించడం ఆపేస్తారు, 10 కిలోమీటర్ల దాకా నిఘా పెడతారు. ఆ సమయంలో పెట్టెలో పెట్టి బస్సెక్కించిన ఒక్క కోడి పక్క ఊరికి రోగాన్ని మోసుకెళ్లగలదు. ముక్కుకు మాస్కు, చేతికి గ్లౌజులు వేసుకుని మిగతా కోళ్లను వేరు చేసి, మండల పశువైద్యాధికారికి ఫోన్ చేయండి. లేదా రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడికి చెప్పండి. వాళ్లే వచ్చి చూస్తారు.

మామూలు జబ్బుకైనా ముందు ఫోన్ చేయడమే మంచిది. మండల ఆసుపత్రి డాక్టరు తరచూ పల్లెల్లోకి వెళ్తుంటారు. ఎండలో అంత దూరం మోసుకెళ్లాక తలుపుకు తాళం కనిపిస్తే కోడికి రెండు ప్రయాణాల అలసట. 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వచ్చే వీలుందేమో కూడా అడగవచ్చు. పెద్ద పరీక్షలు అవసరమైతే కడప జిల్లాలో ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల ఉంది.

పెట్టె

ఒకటిన్నర, రెండు కిలోల నాటు పెట్టకు 40 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 35 నుంచి 40 ఎత్తు ఉన్న అట్టపెట్టె సరిపోతుంది. లేచి నిలబడగలగాలి, తిరగగలగాలి, అంతే. ఇంకా పెద్దదైతే బ్రేకు వేసినప్పుడల్లా అటూ ఇటూ పడి కాలు మెలిపడుతుంది. అసీలు పుంజుకు ఇది చాలదు. దానికి 50 పొడవు, 40 వెడల్పు, 55 దాకా ఎత్తు కావాలి.

కన్నాలు ఎదురెదురుగా ఉన్న రెండు పొడుగు గోడలకూ పెట్టాలి. ఒకవైపే పెడితే గాలి లోపలికి వచ్చి అక్కడే నిలిచిపోతుంది. రెండు రూపాయల బిళ్లంత కన్నాలు గోడకు పన్నెండు చొప్పున, సగం కోడి వీపు ఎత్తులో, సగం మూతకు దగ్గరగా పెట్టండి. వేడిగాలి పైకి పోతుంది కాబట్టి పై వరుస తప్పనిసరి. కన్నాలు పెట్టేది కోడిని లోపల పెట్టకముందే. చాలామంది చివర్లో కత్తితో గుచ్చుతారు, లోపలున్న కోడికి తగులుతుంది.

అనంతపురం వైపు అట్టపెట్టె కంటే సులువుగా దొరికేది టమాటా క్రేటు. కక్కలపల్లి మార్కెట్లో పాతవి దొరుకుతాయి. గాలికి ఇంతకంటే మంచిది లేదు, కడిగి మళ్లీ వాడుకోవచ్చు. ఒక క్రేటు మీద ఇంకొకటి బోర్లించి నాలుగు మూలలా తాడుతో గానీ ప్లాస్టిక్ ట్యాగులతో గానీ బిగిస్తే పుంజుకు కూడా చాలుతుంది. ఒక్క జాగ్రత్త: క్రేటుకు పక్కన చేతులు పెట్టి ఎత్తే కన్నాలు పెద్దవి. వాటిలోంచి కోడి తల బయటపెడుతుంది, అప్పుడు పక్కన వెళ్లే బండి తగిలినా, తల వెనక్కి రాక ఇరుక్కున్నా ప్రమాదమే. వాటిని అట్టముక్కతో మూసేయండి.

ఇంట్లో వాడే కోళ్ల గంపకు అడుగు ఉండదు. దాన్నే తీసుకెళ్లాలంటే కింద మందపాటి అట్ట పెట్టి గంపను దానికి గట్టిగా కట్టాలి. గోనెసంచి, ప్లాస్టిక్ కవరు, వల సంచి వద్దు. కాళ్లు కట్టడం అసలే వద్దు: రక్తం ఆడదు, విడిపించుకోవాలని తన్నుకుంటే కీలు జారుతుంది. తలకిందులుగా వేలాడదీస్తే లోపలి అవయవాల బరువంతా ఊపిరి మీద పడుతుంది, మెడ కింద మేత నిలిచే సంచిలోని నీళ్లు నోటికి వచ్చి గాలిగొట్టంలోకి పోతాయి. జంతువును బాధ కలిగేలా మోసుకెళ్లడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం కూడా.

అడుగున పేపర్లు మాత్రమే పరిస్తే జారి కాళ్లు ఎడమెడమైపోతాయి. పేపరు మీద పాత తువ్వాలు గానీ మడతపెట్టిన గుడ్డ గానీ పరచండి. గోనెపట్టా అయితే పోగులు కత్తిరించాలి, వేళ్లకు చుట్టుకుంటాయి. బుడ్డల (వేరుశనగ) పొట్టు మన వైపు చవకగా దొరుకుతుంది గానీ బూజు పట్టినది వేస్తే ఊపిరితిత్తుల్లో కొత్త జబ్బు మొదలవుతుంది. పైన పరిచే గుడ్డ తెల్లదైతే దారిలో వేసిన రెట్ట రంగు డాక్టరుకు స్పష్టంగా కనిపిస్తుంది.

పట్టుకోవడం

జబ్బుకోడిని దొడ్డంతా తరిమి పట్టుకుంటే ఉన్న కాస్త ఓపికా అయిపోతుంది. తెల్లవారుజామున గూడు తెరవకముందు, లేదా ముందురోజు రాత్రి చీకట్లో పట్టుకోండి. చీకట్లో కోడి కదలదు. రెండు అరచేతులతో రెక్కలను ఒంటికి ఆనించి పైనుంచి పట్టుకుని, తర్వాత ఒక చెయ్యి రొమ్ము కిందికి పోనిచ్చి బరువంతా ఆ అరచేతి మీద మోయాలి. కాళ్లు ఆ చేతి వేళ్ల మధ్య ఉండాలి. రెండో చెయ్యి వీపు మీద తేలికగా ఆన్చాలి. తల మీ మోచేతి వెనక్కి తిరిగి ఉంటే పొడవదు, భయపడదు.

పెట్టెలో పెట్టేముందు తూకం వేయండి. ఖాళీ పెట్టె ఒకసారి, కోడితో ఒకసారి తూచి తీసివేస్తే చాలు. మందు మోతాదు బరువును బట్టే ఉంటుంది.

బయలుదేరే రెండు గంటల ముందు జొన్నలు, సజ్జల వంటి గింజలు ఆపి, నీళ్లు మాత్రం చివరిదాకా ఉంచండి. పెట్టెలో నీళ్ల గిన్నె పెడితే ఒలికి ఒళ్లు తడుస్తుంది. బదులుగా ఒక కళింగర (పుచ్చకాయ) ముక్కో దోసకాయ ముక్కో పెట్టండి. గంటకు పైగా ప్రయాణమైతే మధ్యలో నీడన ఆగి చిన్న మూతలో నీళ్లు చూపించండి. తాగకపోతే ముక్కు అంచున రెండు చుక్కలు తాకించండి, చాలు. నోరు తెరిచి పోయకూడదు: గాలిగొట్టం నోరు సరిగ్గా నాలుక వెనకే తెరుచుకుని ఉంటుంది, పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

కోడికి గాయమైందంటే, కుక్క కరిచినా కాలు విరిగినా, అలవాటైన ఇంకో పెట్టను తోడుగా పెడితే నిమ్మళంగా ఉంటుంది. దగ్గు, గురక, పారుడు ఉంటే ఒంటరిగానే తీసుకెళ్లాలి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో ఐదు నిమిషాలు వదలకుండా అదిమి పట్టండి. కిరసనాయిలు, బూడిద పూయవద్దు, డాక్టరు గాయం చూడ్డానికి మళ్లీ గీకాల్సి వస్తుంది. విరిగిన కాలికి మీరు పుల్లలు కట్టకండి, తువ్వాలును చుట్టలా చేసి మధ్యలో కూర్చోబెట్టండి. గుడ్డు ఇరుక్కున్న పెట్ట తోక దించి, మాటిమాటికీ ముక్కుతూ నిలబడుతుంది. దాని పొట్ట నొక్కితే గుడ్డు లోపలే పగులుతుంది. మెత్తగా, వెచ్చగా ఉంచి నేరుగా తీసుకెళ్లండి.

బండి

బైకు మీద ఇద్దరు వెళ్లడం మేలు. వెనక కూర్చున్నవాళ్లు పెట్టెను ఒళ్లో పెట్టుకుంటే కుదుపులు వాళ్ల కాళ్లే ఓర్చుకుంటాయి. ఒక్కరే అయితే వెనక సీటు మీద పెట్టి రెండు అడ్డాలుగా కట్టండి, తాడు కన్నాల మీదుగా పోకుండా చూడండి. సైలెన్సర్ వైపు వేలాడే సంచి పెట్టెలు వద్దు. గంటకు 40 కిలోమీటర్లు దాటకండి. ఎదురుగాలి తగిలే వైపు మాత్రం పలుచటి గుడ్డ కట్టండి.

ఆటోలో వెనక సామాన్లు పెట్టే చోటు చూడ్డానికి బాగుంటుంది. కానీ కింద ఇంజను ఉంటుంది, పావుగంటలో అడుగు కాలిపోతుంది. కాళ్ల దగ్గర పెట్టుకోండి. కారులో వెనక సీటు మీద పెట్టి బెల్టు వేయండి, డిక్కీలో పెట్టకండి. ఏసీ 25 దగ్గర ఉంచి గాలి నేరుగా తగలకుండా తిప్పండి. టీ తాగుదామని ఎండలో ఐదు నిమిషాలు కారు ఆపినా కోడిని లోపల వదలకండి. పల్లెవెలుగు బస్సైతే ఎక్కేముందే కండక్టరును అడిగి, డ్రైవరు పక్కన ఇంజను వేడి తగలని సీటు చూసుకోండి.

వేసవిలో పొద్దున ఏడు లోపు బయలుదేరి, ఆసుపత్రి తెరిచే వేళకు అక్కడ ఉండాలి. దారిలో పది నిమిషాలకోసారి చూడండి. నోరు తెరిచి రొప్పుతూ, రెక్కలు వేలాడేస్తే వేడి తగిలిందని. నీడకు తీసుకెళ్లి మూత తీసి, కాళ్లు, తురాయి తడపండి. చల్లని నీళ్లు ఒళ్లంతా గుమ్మరించకూడదు. తువ్వాలులో చుట్టిన గడ్డకట్టిన నీళ్ల సీసాను పెట్టెలో ఒక మూల పెడితే చల్లదనం కావాలంటే దగ్గరికి వస్తుంది, వద్దంటే దూరం జరుగుతుంది. ఈకలు ఉబ్బించుకుని కళ్లు మూసుకుని ముడుచుకుంటే మాత్రం అది చలి. పుష్యమాసం పొద్దుల్లో నీరసించిన కోడికి ఇది తప్పదు. అప్పుడు అదే మూల గోరువెచ్చని నీళ్ల సీసా పెట్టాలి.

ఆసుపత్రిలోనూ, ఇంటికొచ్చాకా

ఆ రోజు వేసిన రెట్ట కొంచెం శుభ్రమైన కవరులో, మేత గుప్పెడు, వేసిన టీకాల తేదీలు, ఇప్పటికే ఇచ్చిన మందుల సీసాలు తీసుకెళ్లండి. ఇంట్లో కోడి గురకపెట్టడం, మెడ తిప్పడం ఫోన్లో వీడియో తీసి పెట్టుకోండి. డాక్టరు ముందు భయంతో కోడి జబ్బు దాచుకుంటుంది. కూర్చునే చోట కుక్కలుంటాయి కాబట్టి పెట్టెను బల్ల మీద పెట్టి గుడ్డ కప్పండి. గదిలో మూత తీసేముందు తలుపు మూసి, సీలింగ్ ఫ్యాను ఆపమని అడగండి. ఎగిరిన కోడి ముందు తగిలేది దానికే.

తెచ్చాక రెండు వారాలు వేరే చోట ఉంచండి, ఆసుపత్రి నుంచి ఇంకో రోగం వచ్చి ఉండవచ్చు. అట్టపెట్టె కాల్చేయండి. క్రేటును సబ్బునీళ్లతో కడిగి, బ్లీచింగ్ పొడి నీళ్లు చల్లి ఒక రోజంతా ఎండలో పెట్టండి. మళ్లీ మందలో కలిపేటప్పుడు రాత్రి గూట్లో నిద్రపోతున్న కోళ్ల పక్కన కూర్చోబెడితే పొడుచుకోవడం తగ్గుతుంది. మందు వాడుతున్నన్నాళ్లూ, ఆపాక ఎన్ని రోజుల వరకూ గుడ్లు తినకూడదో డాక్టరునే అడిగి, ఆ తేదీని మందు చీటీ మీదే రాయించుకోండి.