కొత్త ల్యాప్‌టాప్‌ను నమ్మే ముందు

కాలేజీలు తెరిచే రోజుల్లో చాలా ఇళ్లకు కొత్త ల్యాప్‌టాప్ వస్తుంది. డబ్బా విప్పిన సాయంత్రమే పాతదాన్ని ఎవరికో ఇచ్చేసి, ప్రాజెక్టు ఫైళ్లన్నీ కొత్తదాంట్లోకి మార్చేస్తారు. దయచేసి అలా చేయకండి. మొదటి వారాల్లో విండోస్, డ్రైవర్లు (వైఫై, తెర లాంటి భాగాలను నడిపే ప్రోగ్రాములు), బయోస్ (ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రాం) ఒకదాని వెంట ఒకటి అప్‌డేట్ అవుతుంటాయి. హ్యాంగ్ అవడం, వైఫై పోవడం, మూత తీసినా తెర వెలగకపోవడం లాంటివి ఎక్కువగా అప్పుడే బయటపడతాయి. ఒక నెలైనా పాత కంప్యూటర్‌ను దగ్గర ఉంచుకోండి.

అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది బిట్‌లాకర్ రికవరీ కీ. బిట్‌లాకర్ అంటే డ్రైవ్‌కు తాళం వేసే విండోస్ సదుపాయం, ఆ తాళం తీసే నంబరే రికవరీ కీ. ఇప్పటి విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే, చాలావాటిలో డ్రైవ్ మనల్ని అడక్కుండానే ఎన్‌క్రిప్ట్ అయిపోతుంది. దొంగ చేతిలో పడ్డా మన ఫైళ్లు చదవలేడు, అంతవరకు మంచిదే. కానీ బయోస్ అప్‌డేట్ అయ్యాకో, మదర్‌బోర్డు మార్చాకో అది 48 అంకెల కీ అడగొచ్చు. కీ లేకపోతే సర్వీస్ సెంటర్ వాళ్లు కూడా ఫైళ్లు తీయలేరు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇచ్చిన అప్‌డేట్ వల్ల ప్రపంచమంతా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అప్పుడు కూడా ఎన్‌క్రిప్ట్ అయిన మిషన్లను బాగుచేయడానికి ఈ కీ వెతకడమే పెద్ద పని అయింది.

కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ఇక్కడే ఒక చిక్కు. చాలామందికి షాపులోనే సెటప్ చేసి ఇస్తారు, అదీ ఎవరిదో మెయిల్ ఐడీతో. అప్పుడు కీ వాళ్ల అకౌంట్‌లోకి పోతుంది. కాబట్టి ఇంటికొచ్చి మీరే సెటప్ చేసుకోండి. కీని కాగితం మీద రాసి సర్టిఫికెట్ల ఫైలులో పెట్టండి.

తర్వాత, మార్చుకునే గడువు ఎన్ని రోజులో బిల్లులో చూడండి. ఆ లోపల మిషన్‌ను గట్టిగా వాడాలి. గంటసేపు వీడియో కాల్ మాట్లాడండి, మూత పదేపదే మూసి తెరవండి, ప్రొజెక్టర్‌కో టీవీకో కలిపి చూడండి. విండోస్‌లో రిలయబిలిటీ హిస్టరీ అని ఒకటి ఉంది. ఏ రోజు ఏది క్రాష్ అయిందో ఎర్ర గుర్తులతో చూపిస్తుంది. మిషన్ ఆగిపోయి తెర మీద స్టాప్ కోడ్ (లోపం పేరు) వస్తే ఫోటో తీయండి. రీసెట్ చేశాక కూడా అలాగే ఆగిపోతుంటే హార్డ్‌వేర్‌ను అనుమానించాలి. "అప్‌డేట్ చేస్తే పోతుందిలే" అంటే విని గడువు దాటించుకోకండి. ఫిర్యాదు మెయిల్‌లో పెట్టండి, తేదీ ఉంటుంది. పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

డాస్ ల్యాప్‌టాప్ (విండోస్ లేకుండా అమ్మేది) తక్కువకు వచ్చిందని దొంగ విండోస్ వేయించుకోకండి. దాన్ని నడిపించే యాక్టివేటర్ ప్రోగ్రాములు విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్‌ను ఆపేయమంటాయి. ఆ మాటతోనే ఆగిపోవాలి.

మైక్రోసాఫ్ట్ నెలవారీ అప్‌డేట్లు రెండో మంగళవారం విడుదలవుతాయి, మనకు అది మంగళవారం రాత్రి. పరీక్షలుంటే ముందే సెట్టింగ్స్‌లో కొన్ని వారాలు పాజ్ చేసుకోవచ్చు. శాశ్వతంగా మాత్రం ఆపొద్దు, భద్రతా లోపాలు పూడ్చేది అవే. పెద్ద వెర్షన్ అప్‌డేట్ తర్వాత తేడా వస్తే మామూలుగా పది రోజుల లోపు వెనక్కి వెళ్లొచ్చు. ఆ పది రోజులూ పాత విండోస్ ఫైళ్లను క్లీనప్‌లో తీసేయకండి.

ఫైళ్ల కాపీ మాత్రం ల్యాప్‌టాప్ బయట ఉండాలి. 2018 అక్టోబర్‌లో విండోస్ 10 అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్లనే చెరిపేసింది. మైక్రోసాఫ్ట్ దాన్ని ఆపాల్సి వచ్చింది. వన్‌డ్రైవ్ ఒక్కటే చాలదు, ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా పోతుంది. నెలకోసారి ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసి, డిస్క్‌ను ల్యాప్‌టాప్ నుంచి తీసి ఉంచండి. విండోస్ తెరుచుకోకపోతే బాగుచేసుకోవడానికి 32 జీబీ పెన్‌డ్రైవ్‌తో రికవరీ డ్రైవ్ కూడా ఇప్పుడే చేసిపెట్టుకోండి. దాంట్లో ఉన్నవన్నీ చెరిగిపోతాయి కాబట్టి ఖాళీది వాడండి.

వైవాకు ముందు రోజు రిపోర్టు పీడీఎఫ్ చేసి మీ మెయిల్‌కే పంపుకోండి. ఆ రాత్రి "అప్‌డేట్ అండ్ షట్ డౌన్" కనిపిస్తే దాన్ని వదిలేసి, ఉత్త "షట్ డౌన్" నొక్కండి.