ముందు ఎజెండా చూడండి, తర్వాత అర్జీ రాయండి

పార్కు గోడ కూల్చేశాక అర్జీ పట్టుకుని తిరిగితే చెప్పులు అరగడమే తప్ప ఒరిగేది పెద్దగా ఉండదు. నిర్ణయం జరగకముందే వెళ్లాలి. స్థానిక సంస్థల సమావేశాల ఎజెండా చాలాచోట్ల ముందే బయటికొస్తుంది. అది తెప్పించుకుని మీకు పట్టిన అంశం ఒక్కటి చూసుకోండి. ఒక్కటే. పది సమస్యలు ఏకరువు పెడితే "చూస్తాంలెండి" అనేసి అధికారులు లేచి వెళ్లిపోతారు.

కాగితం మీద ఏం కావాలి, ఎవరు చేయాలి, ఎప్పటిలోగా అన్నది ఉంటే చాలు. "వీధి దీపాలు బాగుచేయండి" అని రాస్తే ఎవరికీ పట్టదు. "బడి మలుపు దగ్గర మూడు దీపాలు వెలగట్లేదు, ఏ తేదీకి బాగుచేస్తారు?" అంటే తప్పించుకోవడం కష్టం. అర్జీ అందినట్టు సంతకమో నంబరో తప్పక తీసుకోండి. ఒకసారి బద్ధకించి వదిలేశాను, రెండోసారి వెళ్తే కథ మళ్లీ మొదటికొచ్చింది.

డబ్బుతో ముడిపడిన పనైతే బడ్జెట్ తయారయ్యే నెలల్లోనే కదలండి. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రీలో 1989లో నగర బడ్జెట్‌లో కొంత భాగం దేనికి ఖర్చుపెట్టాలో జనమే కూర్చుని తేల్చే పద్ధతి మొదలైంది. తర్వాత చాలా దేశాలు దాన్ని అందుకున్నాయి. మీ దగ్గరా ఉందేమో అడిగి చూడండి.

అన్నట్టు, ఒంటరిగా వెళ్లొద్దు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అధికారులు చెప్పింది రాసుకోవాలి. పని జరిగితే రెండు ముక్కల్లో థాంక్స్ కూడా పంపండి, రేపు మళ్లీ వెళ్లాల్సింది వాళ్ల దగ్గరికే కదా!